ఎడమ పక్క చప్పుడు

పాత కారులో కార్పెట్ ఊడదీయడం అరటిపండు ఒలిచినంత సులువనుకునేవాళ్లు ఒక్కపూట నిర్మల పక్కన కూర్చుని చూడాలి. ఏ కాలంలో అంటించారో, ఎన్ని వానలకు నానిందో, కార్పెట్ కింది జనపనార పరుపు కుళ్లి ఇనుముకు అతుక్కుపోయింది. రేకు పెట్టి గీకుతుంటే ముద్దలు ముద్దలుగా లేస్తోంది. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు అది. బుద్వేల్ అరుణ్‌కుమార్ ప్లాట్లు అమ్మిన ఊపులో బొంబాయి నుంచి తెప్పించుకున్నాడు. బయట నుంచి చూస్తే పెళ్లికొడుకు, లోపల కూర్చుంటే పిండిగిర్ని. చప్పుడు తగ్గించి కొత్త కార్పెట్ వేయమని శంషాబాద్ హైవే మీదున్న ఉపేందర్ సీటు కవర్ల దుకాణంలో వదిలి వెళ్లాడు. దుకాణం ఉపేందర్‌ది. గీకేదీ, కడిగేదీ, కాగితం పరిచి కొలతలు కత్తిరించేదీ, అంచులు కుట్టేదీ ఆయన భార్య నిర్మల. ఎవరైనా అడిగితే "మా ఇంటామె జర చెయ్యేస్తది" అంటాడు. అలా వేసిన చేతికి గోళ్ల సందుల్లో జిగురు ఎంత తోమినా పోదు. అన్నం కలిపితే అన్నమూ అదే వాసన.

అయితే ఆ ఇంట్లో నిర్మలకు పేరు తెచ్చింది ఆమె చెవులు. పెళ్లయిన కొత్తలో ఎవరిదో కారులో కూర్చుని, "ఎనక డోర్ల ఏదో గులకరాయి ఆడుతున్నది" అంది. విప్పి చూస్తే ఊడిపోయిన నట్టు. "మా ఆమె చెవులు మిషిన్ లెక్క" అని ఉపేందర్ దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అప్పటి నుంచి పని పూర్తయిన ప్రతి బండినీ రింగ్ రోడ్డు మీద హిమాయత్ సాగర్ దాకా తోలుతూ పక్కన ఆమెను కూర్చోబెట్టుకుంటాడు. చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో ఆమె చెబితే, అక్కడ చప్పుడు ఆపే రబ్బరు పొర ఇంకోటి అంటిస్తాడు. ఆ షికారుకు నిర్మల మంచి చీర కట్టుకునేది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఇల్లూ దుకాణమూ దాటి గాలి పీల్చేది అప్పుడే మరి. మొదట్లో మాట కలపబోయింది. ఇంట్లో అత్త ముందు చెప్పలేనివి, రోజూ చెప్పాలనుకుని మింగినవి, ఒక్కొక్కటీ నోటి దాకా వచ్చేవి. "సప్పుడు చెయ్యకు, ఇననియ్యి" అనేవాడు. పోనూ రానూ మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చుని ఇంజను గోల వినేవారు. అంత ఒంటరితనం ఆమెకు వంటింట్లో కూడా తెలియదు. అయినా మళ్లీ ఏ బండి ఎప్పుడు తయారవుతుందా అని ఎదురుచూసేది. కాపురం మొత్తంలో దొరికిన మెప్పు అదొక్కటే అయినప్పుడు మనిషి దాన్నే పట్టుకుని వేలాడుతుంది.

పోయిన దసరా ముందు ఒక గిరాకీ వచ్చి, "చప్పుడు ఏడికెల్లి వస్తుందన్నా?" అని అడిగాడు. ఉపేందర్ గడ్డం గోక్కుంటున్నాడు. కుట్టు మిషన్ మీద నుంచి తలెత్తి నిర్మలే చెప్పేసింది. ఆ సాయంత్రం ఇంట్లో, "మొగోళ్లు మాట్లాడుతుంటే నడుమ నువ్వేంది?" అంటూ చెంప మీద ఒక్కటిచ్చాడు. అత్త రుక్మిణమ్మ బియ్యం ఏరుతూ అక్కడే ఉంది. చెంప మంట తెల్లారేసరికి తగ్గింది. ఎడమ చెవిలో హోరు మాత్రం కొన్నాళ్లు ఉండి, పోతూ పోతూ వినికిడిని కూడా వెంట తీసుకుపోయింది. "గంతదానికే చెవులు పోతయా?" అంటూ అత్త గోరువెచ్చని నూనె పోసింది. "ఎవరన్న అడిగితే బాత్రూంల జారిన అని చెప్పు బిడ్డా, వాని ఇజ్జత్ పోతది" అంది. నిజం చెప్పాలంటే ఎవరూ అడగలేదు.

ఉపేందర్‌కు ఆమె చెప్పలేదు. కొట్టినవాడికి కొట్టిన సంగతే గుర్తులేనట్టుంది. చెబితే రేపటి నుంచి కారెక్కించుకోడు. మిషిన్ లెక్క అనడు. అంతేనా అంటే అంతే, ఆమెకున్నది ఆ కాస్తే. అందుకే ఎవరు పిలిచినా కుడి చెవి వాళ్ల వైపు తిప్పి నిలబడటం, పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంది. మధ్యలో వచ్చిన ఒకటి రెండు బండ్లకు అదృష్టం కొద్దీ గట్టెక్కింది. కుడి చెవి దిండుకు ఆనించి పడుకుంటే ఎయిర్‌పోర్టులో దిగే విమానాల మోత కూడా మాయమైపోతుంది. ఊరంతా ఆ రొదకు పరేషాన్ అవుతుంటే ఆమె ఒక్కతే నిశ్శబ్దంలో పడుకుని ఉండేది. అందులో సుఖమేమీ లేదు. బావిలో దించి మూత పెట్టినట్టు ఉండేది.

ఎర్ర కారుకు పొరలు అతికించారు, పైన మెత్తటి పరుపు పరిచారు, నిర్మల కుట్టిన నల్ల కార్పెట్ దాని మీద చక్కగా కూర్చుంది. రింగ్ రోడ్డు ఎక్కారు. ఎక్కడి నుంచో బొంయ్‌మని హోరు వస్తూనే ఉంది.

"ఏ దిక్కు?" అన్నాడు ఉపేందర్.

ఒక్క చెవి మిగిలినవాళ్లకు లోకమంతా ఆ చెవి పక్కనే ఉంటుంది. నిర్మలకు ఆ సంగతి తెలుసు. వాకిట్లో ఎడమ నుంచి కూరగాయల బండి వస్తే ఆమె కుడి పక్కకు చూస్తుంది. తెలిసీ, "నీ సీటు కింద" అంది. ఉపేందర్ కుడి పక్క కార్పెట్ లేపి ఇంకో పొర వేశాడు. మళ్లీ తోలాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. మళ్లీ లేపాడు. లేపిన ప్రతిసారీ చిరిగిన అంచులు కుట్టింది ఆమే. అబద్ధం చెప్పిన పాపాన్ని కుట్టు కూలితో తీర్చుకుంటున్నట్టు వంచిన తల ఎత్తకుండా కుట్టింది.

అరుణ్‌కుమార్ వచ్చాడు. తానే తోలుకుని కొత్తూరు దాకా పోయి తిరిగొచ్చి కారు దిగాడు.

"అన్నా, కుడి దిక్కు పరుపు మీద పరుపేసి పండబెట్టినవ్. చప్పుడు ఎడమ దిక్కు కదనే! ఎనక చక్రం మీద. చిన్న పోరగాడు గూడ చెప్తడు."

ఉపేందర్ ముఖం కందగడ్డయింది. గిరాకీ మీద చూపలేని కోపం ఎటు తిరగాలో దానికి బాగా తెలుసు.

"ఏమే, నీ చెవులు ఏడ వోయినయి?"

నిర్మల మిషన్ ఆపింది. తప్పయిందని తల దించుకుంటే ఇంతటితో పోతుంది. ఎడమ పక్క కార్పెట్ లేపుతారు, ఆమె మళ్లీ కుడుతుంది, ఇంకో బండి వస్తుంది, ఇంకోసారి భయపడుతూ "నీ సీటు కింద" అంటుంది. ఎన్ని బండ్లకు అలా చెబుతుంది? ఆమెకు ఒక్కసారిగా తన మీద తనకే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన కొట్టిన దెబ్బను ఆయనకు తెలియకుండా దాచి కాపాడుతున్నది తనే!

"రెండు పోలే. ఎడమది ఒక్కటే పోయింది," అంది. "దసరా ముంగట కొట్టినవు గదా. గా రోజు పోయింది."

అరుణ్‌కుమార్ తన కారు వంక చూస్తూ నిలబడ్డాడు. హైవే మీద లారీలు పోతున్నాయి. నిర్మల ఉపేందర్ పెదాల వైపే చూస్తోంది. నొప్పి ఉందా అంటాడేమో. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటాడేమో. ఆ రెండింటిలో ఏది అడిగినా ఆమె కరిగిపోయేదే, సిగ్గులేకుండా అంత ఆశపడింది.

"మరి ఇగ బండ్ల సప్పుడు ఎవరు ఇంటరు?" అన్నాడు ఉపేందర్.

నిర్మల లేచింది. చీర మీది దారపు పోగులు దులుపుకుంది. పర్సు తీసుకుని దుకాణం మెట్టు దిగుతూ ఆగి, ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

"నువ్వే ఇను. నేను దవాఖానకు పోతున్న. ఎట్లయిందని డాక్టర్ అడిగితే, ఎట్లయిందో గట్లనే చెప్త."