ఔరేలియో గారి నాలుక

"ఈ రోజు ఎక్కువ వాగకు నెలిదా. రెండు ముక్కల్లో చెప్పు, చాలు," అన్నాడు మా ఆయన ఔరేలియో, నేను తన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే.

శుక్రవారం కదా, సాయంత్రం బార్లకి వెళ్తాం. మన బర్రాంకో పేటలో మంచి కాక్‌టెయిల్ ఎక్కడ దొరుకుతుందో శనివారం పొద్దున ఆయన రేడియోలో చెబుతాడు. మెచ్చుకుంటే ఆ బార్ ముందు జనం బారులు తీరతారు. పెదవి విరిస్తే ఈగలు తోలుకోవాల్సిందే. పెదవి ఆయనదే గానీ నాలుక నాది. నాలుగేళ్ళ కిందట విషజ్వరం వచ్చి ఆయనకి రుచీ వాసనా రెండూ పోయాయి. పులుసులో ఉప్పుందో లేదో కూడా తెలియదు. ఆ సంగతి ఆయనకీ, నాకూ, మా అత్తగారికీ తప్ప మరో పురుగుకి తెలియదు. "మొగుడి పరువు పెళ్ళాం నోట్లో ఉంటుందమ్మా, జాగ్రత్త," అంది అత్తగారు అప్పుడే.

గ్లాసు ఆయన ముందే పెడతారు. పెద్ద బార్లలో అంతే, నా చేతికిచ్చే మెనూలో ధరలు కూడా వెయ్యరు, ఆడదానికి వాటితో పనేమిటని. ఆయన పెదవులు తడుపుకుని, కళ్ళు మూసుకుని, "నువ్వూ ఓ గుక్క తాగవే," అని ముద్దుగా నావైపు జరుపుతాడు. నేను తాగి చెవిలో చెబుతాను. ఎంత అన్యోన్యమో అనుకుంటారు చూసేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆ గుక్కంటే నాకు ప్రాణం. వారమంతా గిన్నెలు తోమి, అత్తగారి కాళ్ళు పిసికి, ఈయన మాటలు పడి, ఆ కాసేపే నేను మనిషినవుతాను.

ఆ సాయంత్రం సందు చివర జొరైదా కొత్తగా పెట్టిన బార్‌కి వెళ్ళాం. ఒంటరి మనిషి, ఉన్న కుట్టుమిషన్లన్నీ అమ్మి పెట్టుకుందట. పిస్కో సవర్ అనే కాక్‌టెయిల్ కలిపి తెచ్చి, గ్లాసు తిన్నగా నా ముందు పెట్టింది. "ముందు మీరు చెప్పండమ్మా," అంది.

నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. తాగాను. ద్రాక్షసారా ఘాటు, నిమ్మపులుపు, పైన గుడ్డు తెల్లసొన నురుగు ఎంత మెత్తగా ఉందో! "నిమ్మకాయ సగం పిండి ఆపేశావు కదూ? తొక్క చేదు దిగలేదు," అన్నాను. పైకే అనేశాను! జొరైదా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్క బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆయన గ్లాసు ముట్టలేదు.

దారంతా బతిమాలాను. "కోపం నామీద తీర్చుకోండి. బాగుందన్న మాట మాత్రం చెప్పండి."

"నీ నాలుక నాకు కాక ఊరికా?" అన్నాడు.

మర్నాడు ఉల్లిపాయలు తరుగుతూ రేడియో విన్నాను. "నురుగంతా నీచువాసన. తొక్క చేదు దిగి నోరు విషమైపోయింది," అంటున్నాడు. నా మాటనే తిరగేసి! అత్తగారు రేడియో ఇంకాస్త పెంచింది. "ఆడది పైకి మాట్లాడితే ఎవరి కొంప మునిగిందో చూశావా?" అంది.

నెల తిరక్కుండా జొరైదా కుర్చీలు అమ్మకానికి వీధిలో పెట్టింది. నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడిచాను. ఏ మొహం పెట్టుకుని పలకరించను? ఆయన గుట్టు బయటపెడితే మా పొయ్యిలో పిల్లి లేవదు. నోరు మూసుకుంటే రేపు ఇంకో జొరైదా. ఏడుపొచ్చింది, అంతే. ఏడిస్తే మాత్రం ఎవరికి లాభం?

మొన్న శుక్రవారం ఇంకో కొత్త బార్. "నువ్వూ ఓ గుక్క తాగవే," అని జరిపాడు. తాగాను. అల్లం, తేనె, ఏదో పువ్వు వాసన. ప్రాణం లేచొచ్చింది. ఆ బార్ యజమాని చేతులు తుడుచుకుంటూ మావైపే చూస్తున్నాడు.

"ఊఁ, చెప్పు," అన్నాడు మా ఆయన.

"నాకేమీ తెలియడం లేదండీ."

"అంటే?"

"రుచి. నాకూ పోయినట్టుంది."

ఆయన మొహం పాలిపోయింది. ఇంటికొచ్చాక అత్తగారు నమ్మలేదు. తను ముక్కు మూసుకుని మింగే చేదు మందు చెంచా నిండా పోసి నా నోట్లో పెట్టి, కళ్ళల్లోకి చూస్తూ నిలబడింది. నేను నెమ్మదిగా చప్పరించి, "ఇంకో చెంచా పోయండి అత్తయ్యా," అన్నాను.