తెల్లకుక్క ఏ ఊరిది?

ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం తిజానీ. ముప్పైరెండేళ్లు సరిహద్దు చెక్‌పోస్టులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, ఐన్ ద్రాహమ్ కొండమీద అడవిని ఆనుకుని చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆ శనివారం పొద్దున్నే కూతురు ఉమైమా ట్యూనిస్ నుంచి రెండు కుక్కలతో దిగింది. తను సాయానికి వెళ్లే కుక్కల ఆశ్రమంలో నేలకి సిమెంటు వేస్తున్నారట, రెండు రోజులు ఎవరింట్లోనైనా ఉంచాలట.

వ్యాన్ నడుపుకొచ్చిన స్కందర్ ఆ ఆశ్రమంలోనే పనిచేస్తాడు. వాకిట్లో అంత చోటుండగా బండిని ఇంటి వెనక అంజూరం చెట్టు చాటున పెట్టాడు.

"అక్కడెందుకు నాయనా?"

"ఎండ బాబాయ్, కుక్కలకి పడదు."

ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది.

కుక్కల్లో ఒకటి పళ్లూడిన ముసలిది. దిగడమే గుమ్మంలో పడుకుంది. రెండోది తెల్లగా, దూడంత ఉంది. మెడకి కట్టు. "మార్కెట్ వీధిలో దొరికింది, ట్యూనిస్‌లోనే," అన్నాడు స్కందర్. ఎవరూ అడగకుండానే.

తిజానీ గేటు గొలుసు తీశాడో లేదో తెల్లది పొట్ట నేలకానించి వణికింది. కింద లోయలో గొర్రెల గంటలు మోగితే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంది. మార్కెట్ కుక్కకి గొర్రెల సంగతి ఏం తెలుసు?

రొట్టె, హరీసా మిరపకారం, ఉడికించిన గుడ్లు మూటకట్టుకుని అడవిలోకి వెళ్లారు. బెరడు ఒలిచిన ఓక్ చెట్లు ఎర్రగా నిలబడి ఉన్నాయి. వాగులో తెల్లది గంతులేస్తుంటే ఉమైమా లంగా అంచు దాకా తడిసి పకపకా నవ్వింది. కాసేపు తిజానీ కూడా అనుమానం మర్చిపోయాడు. కానీ దారి రెండుగా చీలిన చోట కుక్క మొండికేసి కూలబడింది. ఎడమ దారి గొర్రెలకాపరి లజ్‌హర్ దొడ్డికి పోతుంది.

"కుడివైపు పోదాం బాబాయ్, అటే బాగుంటుంది," అన్నాడు స్కందర్, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు.

ఇంటికొచ్చాక తిజానీ కూతుర్ని పక్కకి పిలిచాడు. "వీడు ఇంతకు ముందు ఇక్కడికి వచ్చాడా?"

"మొదటిసారే నాన్నా. నీకు పెళ్లికొడుకుని చూసినా దొంగే కనిపిస్తాడు."

"పెళ్లికొడుకా? ఎవడే?"

"అదిగో, మళ్లీ మొదలు!"

ఆదివారం పొద్దున లజ్‌హర్ వచ్చాడు. చేతిలో కర్ర, బూట్లకి బురద. "తెల్లకుక్క పోయి ఇరవై రోజులైందండీ. నిన్న మీతో వాగు దగ్గర తెల్లదాన్ని చూశామని ఊళ్లోవాళ్లు అన్నారు."

వంటింట్లో స్కందర్ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. కుక్క గోడవారగా నక్కింది.

"నీ కుక్క మెడ ఎలా ఉండేది?" అడిగాడు తిజానీ.

"మెడా? అన్ని కుక్కలకీ ఉన్నట్టే."

"అయితే లోపలికి రా. ఇక్కడే ఉంది."

"నాన్నా!" అంది ఉమైమా.

తిజానీ మెల్లిగా కట్టు విప్పాడు. మూడు వేళ్ల వెడల్పున చుట్టూరా పచ్చిపుండు. "గొలుసుని కోసి తీశాను, ఇనుము మాంసంలో దిగిపోయింది," అన్నాడు వెనకనుంచి స్కందర్. "వసంతంలో ఇటు నడకకి వచ్చినప్పుడు చూశాను. మళ్లీ వచ్చి ఎత్తుకెళ్లాను. నేనే."

ఉమైమా అతని వంక తిరిగి, "మార్కెట్లో దొరికిందని నాతో ఒట్టేశావు!" అంది.

లజ్‌హర్ వంగి ఆ పుండు చూశాడు. "పిల్లప్పుడు కట్టిన గొలుసు. బొచ్చు కింద ఎప్పుడు చూశాను?" అన్నాడు. చెయ్యి చాపితే కుక్క తిజానీ కాళ్ల వెనక్కి దూరింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉంచుకోండి. కానీ నా ఆడపిల్లలు పడుకున్న ఇంటి గోడ దూకాడు వీడు. అది తప్పు కాదా?"

"తప్పే," అని స్కందర్ చెయ్యి చాపాడు. లజ్‌హర్ పట్టుకోలేదు. కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

"నా ఇంటికి అబద్ధం మోసుకొచ్చావు. మళ్లీ వస్తే బండి వాకిట్లో పెట్టు," అన్నాడు తిజానీ. సాయంత్రం వ్యాన్‌లో ఉమైమా ముందు సీటు వదిలేసి కుక్కల పక్కన కూర్చుంది.

వారం తిరక్కుండానే తిజానీ లజ్‌హర్ దొడ్డికి వెళ్లాడు. అనుకున్నట్టే గుంజకి కొత్త కుక్కపిల్ల కట్టేసి ఉంది. అతని చూపు ఎటుందో చూసి లజ్‌హర్ వంగి, పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూపించాడు. తిజానీ తన వేళ్లు కూడా పెట్టి చూసుకున్నాడు.

లజ్‌హర్ ఇచ్చిన మజ్జిగ తాగి, "వచ్చే నెల మళ్లీ వస్తాను," అన్నాడు.

"మళ్లీ దేనికండీ?"

"పిల్ల కదా, పెరుగుతుంది."