స్వామి పటానికి పత్తిపువ్వు

ఆషాఢం పుట్టింట్లో గడిపి శ్రావణంలో రాజోలు తిరిగి వస్తూ, మా నాన్న చేలోంచి ఒక పత్తి మొక్కను కుండీలో పెట్టించుకుని తెచ్చుకున్నాను. మా సత్తెనపల్లి వైపు పత్తి అంటే పైరు. దాన్ని వాకిట్లో పూలమొక్కలా పెంచుతానంటే నాన్న చాలాసేపు నవ్వారు. నా కోరిక ఒక్కటే. పెళ్లయ్యాక వచ్చే మొదటి కార్తీకంలో నా మొక్క పత్తితోనే వత్తులు చెయ్యాలి.

కొత్త ఇంట్లో ఆ మొక్క నాకన్నా ముందే కలిసిపోయింది. కొబ్బరికాయలు దింపడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి, ఇదేం మందారమని అడిగేవారు. మా అత్తయ్యగారు వీరవేణిగారు రోజూ బియ్యం కడిగిన నీళ్లు దానికే పోసేవారు. మొదటి పువ్వు లేత పసుపు రంగులో చిన్న గిన్నెలా విచ్చుకుంది. నేను లేచేసరికే అది అంతర్వేది నరసింహస్వామి పటం మీద ఉంది. ఇక్కడ తెల్లారేసరికి వాకిట్లో పూసిన పువ్వులన్నీ దేవుడివే.

మర్నాటికి ఆ పువ్వు గులాబీరంగుకి తిరిగింది. అత్తయ్యగారు పక్కింటి అప్పాయమ్మగారిని పిలిచి మరీ చూపించారు. కోడలి పువ్వు పెట్టగానే స్వామి సిగ్గుపడ్డాడట. చెట్టున ఉన్నా అది అలాగే రంగు మారుతుందని ఏ నోటితో చెప్పను? అలా పూసిన ప్రతి పువ్వూ పటం మీదికే వెళ్లింది. కాయ ఒక్కటీ నిలవలేదు.

మా ఆయన మణికంఠతో మొరపెట్టుకుంటే, చెప్పాల్సింది నువ్వే, కావాలంటే నీ వెనకాల నిలబడతానన్నారు.

మొగ్గలు తగ్గిపోతున్నాయి. ఒక ఉదయం అత్తయ్యగారి చెయ్యి పువ్వు దాకా వెళ్లేసరికి ఆగలేకపోయాను.

"పువ్వు కోసేస్తే కాయ రాదండీ అత్తయ్యగారూ. కాయ పగిలితేనే పత్తి."

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వత్తుల పత్తి ఈ పువ్వులోంచే వస్తుందా? మరి ఇన్నాళ్లూ చెప్పవేమ్మా? జన్మంతా కొట్లో పొట్లం కొన్నదాన్ని, నాకేం తెలుస్తుంది?"

"స్వామికి పెడుతున్నారు కదా అని..."

"స్వామికి మందారాలు లేవా ఏంటి?" అంటూ లోపలికి వెళ్లి పటం ముందు నిలబడ్డారు. "ఏమీ అనుకోకయ్యా, ఇవి మా కోడలివి" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

మూడు కాయలు నిలిచాయి. ఒక కార్తీక సోమవారం మొదటి కాయ పగిలి తెల్లగా పొంగింది. నేను పళ్లెం పట్టుకుని వెళ్తే అత్తయ్యగారు అడ్డం వచ్చారు.

"ఉండమ్మా, చెట్టున ఎంత బాగుందో చూడు. అప్పాయమ్మ ఇంకా చూడలేదు. వత్తులకి రేపు కోద్దువుగాని."

పుట్టింటి నుంచి తెచ్చుకున్నదాన్ని ఇంత ముద్దుచేసే ఇల్లు దొరికినందుకు ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. సరేనన్నాను. అంతలో చినుకులు మొదలయ్యాయి. అత్తయ్యగారు తన తల సంగతి మరిచి పత్తి మీద కొంగు కప్పారు. ఇద్దరం చెరోపక్క పట్టుకుని కుండీని అరుగు మీదికి ఎక్కించాం.