బ్యాటరీని తినేస్తున్నదేమిటి

ఆ ఇంట్లో రోజూ చూసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అక్క ఫోను చార్జింగు ఎప్పుడూ సగానికి దిగకూడదు. రిపోర్టుల ఫైలు సంచిలో పైనే ఉండాలి. రెండు జతల బట్టలు, దుప్పటి, మందుల డబ్బా ఇంకో సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టాలి. అక్కకి జలుబు చేయకుండా చూసుకోవాలి. ఒళ్లు వెచ్చబడితే ఆసుపత్రివాళ్లు పిలిచినా పిలవనట్టే. కారు నడపడం వచ్చినవాళ్లు ఒక్కరైనా ఎప్పుడూ ఊళ్లో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తాళం తిప్పగానే ఆ కారు స్టార్టవ్వాలి.

ఈ చివరి పని తమ్ముడిది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబు చూసుకునే ఉద్యోగం అతనిది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే కాబట్టి, ఫ్యాను ఆగినా మిక్సీ మొరాయించినా అందరూ అతని మొహం వంకే చూస్తారు. "చదువుకున్నోడివి, నువ్వే చూడరా" అంటాడు నాన్న. అందులో వెటకారం ఏమాత్రం ఉండదు. అదే తమ్ముడికి భయం.

అక్కకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలసిస్ సెంటరు వీధి చివరే ఉంది కనుక నడిచి వెళ్లి నడిచి వస్తుంది. కిడ్నీ మార్చే ఆసుపత్రి మాత్రం నగరంలో, గంటల ప్రయాణం. ఇంట్లో ఎవరి కిడ్నీ ఆమెకు సరిపడలేదు. చనిపోయినవాళ్ల నుంచి సరిపడేది దొరికితే ఆసుపత్రివాళ్లు ఫోను చేస్తారు, చేసిన వెంటనే బయలుదేరాలి. ఆ ఊళ్లో టాక్సీవాళ్లు వస్తామంటారు, సగం దారిలో మనసు మార్చుకుంటారు. అందుకే బావ ఒక పాత కారు కొన్నాడు. ఆ ఒక్క ప్రయాణం కోసమే ఆ కారు. ఇంటి వెనక సందులో, వడ్రంగి షాపు గోడ పక్కన, కవరు కప్పుకుని నిలబడి ఉంటుంది.

వేసవి మొదట్లో ఒకసారి ఫోను వచ్చింది. సంచులు సందులోకి వెళ్లాయి, అక్క వెనక సీట్లో కూర్చుంది, తమ్ముడు తాళం తిప్పాడు. టిక్ టిక్ టిక్. అంతే. నెలల తరబడి కదలని బండి, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. పక్కింటివాళ్ల కారు బతిమాలి తీసుకుని ఆసుపత్రికి చేరేసరికి రక్తం సరిపోల్చే పరీక్ష వేళ దాటిపోయింది. వరసలో తర్వాతి మనిషిని అప్పటికే లోపలికి తీసుకెళ్లారు.

ఇంటికి రాగానే అమ్మ వంటింట్లో గొంతు తగ్గించి, "దాని ముందు కారు మాట ఎవరూ ఎత్తొద్దు" అంది. ఎవరూ ఎత్తలేదు. అక్క కూడా ఎత్తలేదు.

తమ్ముడు మర్నాడే కొత్త బ్యాటరీ వేయించాడు. అది కూడా రెండు వారాలు తిరక్కుండానే చచ్చిపోయింది. పక్కింటి బండికి తీగలు తగిలించి లేపితే, పది రోజులకి మళ్లీ పడుకుంది.

ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి, బండిని మళ్లీ లేపి చూశాడు. ఊళ్లో అందరూ అతన్ని కరెంటు మామ అంటారు. ఇంజను నడుస్తుండగా చార్జింగు చూసి, బ్యాటరీ చూసి, తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"బండిలో లోపమేం లేదురా అల్లుడూ. ఎక్కడో లీకు అయ్యుండాలి."

"లీకంటే?"

"ఆపేసిన బండిలో కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతుంటుంది. గడియారం తాగుతుంది, లాకు తాగుతుంది. అవి గుక్కెడే తాగుతాయి. ఇక్కడెవడో చెంబులకి చెంబులు ఎత్తుతున్నాడు. వాడెవడో పట్టుకో. మీటరుందిగా నీ దగ్గర?"

ఉంది. ఆదివారం పొద్దున్నే తమ్ముడు ల్యాబు నుంచి తెచ్చుకున్న మీటరుతో సందులోకి దిగాడు. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాడు. ఇప్పుడు కారు ఏం తాగినా మీటరు లోంచే పోవాలి. తలుపులన్నీ వేసి, బండి నిద్రలోకి జారుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. అంకె దిగీ దిగీ చిన్నదై నిలబడింది. గుక్కెడే. ఒక్కో ఫ్యూజు పీకి చూశాడు, మళ్లీ పెట్టాడు. దొంగ దొరకలేదు. ఉన్న కాస్త కరెంటు ఉండాల్సిన చోటే ఉంది.

లోపం కనబడితే ఎంత పెద్దదైనా ధైర్యంగా ఉంటుంది. ఇక్కడ లోపం లేదు, బ్యాటరీ మాత్రం చస్తోంది. ఈ క్షణంలో ఫోను మోగితే? మీటరు తీసి, తీగ బిగించి, తాళం తిప్పితే, మళ్లీ ఆ టిక్ టిక్ వినిపిస్తే? ఈసారి అక్క మొహంలోకి ఎలా చూడటం?

ఒకవేళ లీకు అప్పుడప్పుడే వస్తుందేమో అనిపించింది. ఇంకాసేపు చూద్దామని మీటరు అలాగే వదిలి, బానెట్ ఆనించి, కవరు కప్పి, అక్కని తీసుకురావడానికి డయాలసిస్ సెంటరుకి వెళ్లాడు.

అక్క ఆ రోజు బాగా నీరసంగా ఉంది. అతని భుజం పట్టుకుని నెమ్మదిగా నడిచింది. "చేతికి ఆ నల్లమరకేంట్రా?" అని అడిగింది. "ల్యాబులో అంటుకుంది" అన్నాడు. ఆదివారం ల్యాబేమిటని ఆమె అడగలేదు.

ఆమెను పడుకోబెట్టి సందులోకి వచ్చి బానెట్ ఎత్తాడు. మీటరులో సున్నా. మొదట ప్రాణం లేచొచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది. సున్నా ఎలా ఉంటుంది? గడియారానికైనా కాస్త పోవాలి కదా. తలుపు తీశాడు. లోపల దీపం వెలగలేదు. మీటరు విప్పి చూస్తే దాని లోపలి ఫ్యూజు నల్లగా మాడిపోయి ఉంది.

ఆ ఫ్యూజు ఊరికే మాడదు. ఎవరో తాళం తిప్పి ఇంజను లేపబోతే తప్ప అంత కరెంటు ఒక్కసారిగా లాగదు. తాళమేమో హాల్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు తప్ప దాన్ని ముట్టుకునేదెవరు?

తీగ బిగించి ఇంట్లోకి వచ్చేసరికి అందరూ భోజనాలకి కూర్చుంటున్నారు. అక్క కూడా లేచి వచ్చింది. నాన్న రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపాడు.

"అదేంటి, అన్నం బాలేదా?" అంది అమ్మ.

"ఆకలిగా లేదు." నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. గోడకేసి చూస్తున్నాడు.

తమ్ముడికి అర్థమైంది. అడగాలంటే అక్క ముందు కారు మాట ఎత్తాలి. నోరు తెరవబోయి రెండుసార్లు మంచినీళ్లు తాగాడు. అమ్మ కళ్లతోనే వద్దంటోంది. అడక్కపోతే మాత్రం ఈ బ్యాటరీ కూడా పోతుంది.

"నాన్నా, ఇందాక కారు తాళం తిప్పావా?"

గరిటె కూర గిన్నెలోనే ఆగిపోయింది.

నాన్న గోడకేసి చూస్తూనే అన్నాడు. "ఒక్కసారి చూద్దామనుకున్నాన్రా. ఈ మధ్య రోజూ బాగానే పలికేది. ఇవాళ ఎర్ర దీపాలు వెలిగి టప్పున ఆరిపోయాయి. నేనే పాడుచేశాననుకుని..."

"రోజూనా?"

"రోజూ ఒక్కసారే. లేస్తుందో లేదో చూసి వెంటనే ఆపేస్తాను. పెట్రోలు దండగని."

బావ గొంతు సవరించుకున్నాడు. "నేను సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చూస్తాను. ఏసీ కూడా వేసి చూస్తా, తను ఉక్కకి తట్టుకోలేదు కదా. హెడ్‌లైట్లు కూడా."

"ఇంజను చప్పుడు ఎవరికీ వినబడలేదా?" అన్నాడు తమ్ముడు.

"ఆ వడ్రంగి మిషను గోలలో ఏం వినబడుతుంది? వినబడినా నువ్వే చూస్తున్నావనుకునేవాణ్ని" అన్నాడు నాన్న.

తమ్ముడు అమ్మ వైపు తిరిగాడు. అమ్మ కొంగుతో అనవసరంగా చేతులు తుడుచుకుంటోంది.

"అమ్మా, నీకు డ్రైవింగే రాదు."

"నడపడం రాదు. తిప్పడం వచ్చు. నువ్వు చేస్తుంటే చూశాగా. తమరు మాత్రం పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని సందులోకి వెళ్లేది దేనికంట, కాకుల్ని లెక్కపెట్టడానికా?"

అదీ నిజమే. అతనూ పొద్దున్నే తిప్పి, లేచిందని నిమ్మళించి, ఆపేసేవాడు.

ఒకసారి ఇంజను లేపడానికి బ్యాటరీలోంచి పోయే కరెంటు తిరిగి రావాలంటే బండి రోడ్డు మీద కాసేపు నడవాలి. లేపిన వెంటనే ఆపేస్తే పోయింది పోయినట్టే. అది తెలిసినవాడు ఆ ఇంట్లో తమ్ముడొక్కడే. తెలిసీ, తనొక్కడే కదా, రోజుకి ఒక్కసారే కదా అనుకున్నాడు. మొదటి బ్యాటరీ ఎవరూ ముట్టుకోక చచ్చింది. రెండోదాన్ని అందరూ కలిసి, ఒకరికి తెలియకుండా ఒకరు, పరీక్షలు పెట్టి పెట్టి చంపుతున్నారు.

అప్పుడు అక్క అంది. "నేను కూడా."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"డయాలసిస్ లేని రోజుల్లో. మీరు కునుకు తీసినప్పుడు. స్టార్టయితే కాసేపు కూర్చుని వచ్చేదాన్ని." నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒకరోజు స్టార్టవలేదు. మీకు చెబితే బెంగపెట్టుకుంటారని చెప్పలేదు."

నాన్న కంచం ముందుకు జరుపుకున్నాడు. "అన్నం పెట్టవే" అన్నాడు. దాంతో బావకి నవ్వొచ్చింది, అమ్మకి ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నుంచి తాళం తమ్ముడి జేబులోకి మారింది. రెండు రోజులకోసారి పొద్దున్నే అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట పెద్దరోడ్డు మీద బాగా దూరం నడిపి తెచ్చేవాడు. మిగతా వేళల్లో ఎవరూ కారు జోలికి పోకూడదు. చెప్పడం తేలికే. నాన్న సందు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాడు. అమ్మ కవరు మీద దుమ్ము దులిపే వంకతో బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేది. తమ్ముడికి ల్యాబులో పిల్లలు స్విచ్చి వేసినప్పుడల్లా గుండె జారేది. చూడకుండా నమ్మడం అలవాటు లేని మనుషులు వాళ్లు. అయినా ముట్టుకోలేదు.

వానలు మొదలైన తర్వాత, ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. అక్కే ఎత్తింది. "వస్తున్నాం" అని మాత్రం అంది. పాలిటెక్నిక్ నుంచి తమ్ముడు, డ్యూటీ నుంచి బావ తడుస్తూ పరిగెత్తుకొచ్చారు. కవరు లాగేశారు. అందరూ ఎక్కారు. తమ్ముడు తాళం పెట్టి ఆగితే, వెనక సీట్లోంచి అక్క, "తిప్పరా" అంది.

తిప్పాడు. ఇంజను లేచింది.

పెద్దరోడ్డు ఎక్కాక నాన్న గట్టిగా నిట్టూర్చాడు, బావ ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరామని చెప్పాడు. కాసేపటికి అమ్మ కిటికీ అద్దం మీద వాన చూస్తూ, "పొద్దున ఆ ఇంట్లో కూడా ఎవరో ఒకరు టిఫిన్ చేయబోతూ ఉండుంటారు" అంది. ఏ ఇంట్లో అని ఎవరూ అడగలేదు. ఆసుపత్రివాళ్లు పేరు చెప్పరు, ఊరు చెప్పరు. అక్క కళ్లు మూసుకుని రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది.

వాళ్లు వేళకి చేరారు. రక్తం సరిపోయింది. అక్క ఇప్పుడు వీధి చివర దాకా నడిచి, అక్కడ ఆగకుండా ఇంకా ముందుకు నడుస్తోంది. ఈ కథలో ఆమెను, ఆమె తమ్ముణ్ని మీరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆ రోజు ఇంకో ఇంట్లో తిరిగిరాని మనిషి ఒకరున్నారు, అంత దుఃఖంలోనూ కిడ్నీ ఇవ్వడానికి సరేనని సంతకం పెట్టిన ఇంటివాళ్లున్నారు. వాళ్ల పేర్లు మనకి తెలియవు. తెలియకపోయినా, ఆ పోయిన మనిషిని ఒక్కసారి తలుచుకోండి.