లాంబీ దిబ్బలో పోలైన ఓటు

లాంబీ దిబ్బ మీద మనుషులు లేరు. రెండు బోడి గుట్టలు, వాటి మధ్య ఉప్పు మడుగు, నిండా పెలికన్లు, ఒక కొసన నాలుక చాపినట్టు ఇసుక మేట. పక్కనున్న కరియాకూ దీవి జాలరి ఆల్బన్ బెడో ఇరవై ఏళ్లుగా ఆ మేట మీదే వలలు ఆరేసుకుంటున్నాడు.

మార్చిలో సర్వే ఉద్యోగిని ఐయాంతిని పడవలో తీసుకెళ్లిందీ అతనే. ఆమె కొలిస్తే మేట దక్షిణాన తేలింది. ప్రభుత్వ పటంలో ఉత్తరాన ఉంది. చలికాలపు అలలు ఇటు తోస్తాయని, వానలు మొదలయ్యాక మళ్లీ అటే పోతుందని ఆల్బన్ చెప్పాడు. ఆమె అదే రాసి పంపింది. పటంలో మేట చోటు మార్చాలంటే అక్కడ నివసించేవారి సంతకంతో దరఖాస్తు పెట్టాలని రాజధాని నుంచి జవాబొచ్చింది.

"అక్కడ ఉండేవి పెలికన్లు కదమ్మా," అన్నాడు ఆల్బన్.

"వాటికి సంతకం రాదండీ. మీకొచ్చు."

ఒక్క సంతకమే కదా అని పెట్టాడు. దాంతో దిబ్బ జనాభా ఒకటైంది. అతని పేరు సొంత ఊరి జాబితాలోంచి లేచిపోయింది. పొరుగూరి మనిషివి, చీకటి పడకముందే బయల్దేరమని భార్య మెర్ల్ రోజూ ఆటపట్టించేది.

ఏడాది తిరిగేసరికి ఎన్నికలొచ్చాయి. ఒక అధికారి, ఒక పోలీసు పెట్టె మోసుకొచ్చారు. పటంలో మేట ఇంకా ఉత్తరానే ఉంది కాబట్టి, అక్కడే మోకాటి లోతు నీళ్లలో బల్ల వేశారు. వరుసలో ముందెవరూ లేకపోయినా, పేరు పిలిచేదాకా ఆల్బన్‌ని ఆగమన్నారు. ఓటు రహస్యమని రెండుసార్లు చెప్పారు.

మర్నాడు రేడియోలో చదివారు. లాంబీ దిబ్బలో నూరు శాతం పోలింగ్, సిల్వన్ కాంప్టన్‌కి సున్నా.

సిల్వన్ మెర్ల్‌కి తమ్ముడు. మూడొందల ఓట్ల తేడాతో ఓడి, తిన్నగా అక్క ఇంటికొచ్చాడు.

"వెయ్యనివాళ్లు వందల మంది ఉన్నారు బావా. ఎవరెవరో నాకు తెలీదు. నువ్వొక్కడివే తెలిశావు."

ఆల్బన్ వల ముడి ఒకటి బిగించాడు.

"నువ్వు గెలిస్తే రాజధానికి పోతావు. ఆదివారం డామినోల ఆటలో నాకు జోడీ ఎవరు?"

సిల్వన్ అక్క పెట్టిన చేపల పులుసు నిలబడే తిన్నాడు. ఆదివారం ఆటకొచ్చాడు కానీ, ఆల్బన్‌కి ఎదురు జట్టులో కూర్చున్నాడు. ఈస్టర్ దాకా అక్కడే కూర్చున్నాడు.