ఇత్తడి రేకు మీది నంబరు

రెండో గాస్కెట్ కూడా సరిపోలేదు. ఇంజను బాడీకీ, దాని మీద బిగించే హెడ్డుకీ మధ్య పరిచే ఆ పల్చటి రేకు బోల్టులన్నిటి మీదికీ బుద్ధిగా దిగింది గానీ, నీళ్ళు పారాల్సిన రెండు కన్నాలను మాత్రం నిండా మూసేసింది. మొండి దాన్ని తిప్పి వేసింది, బోర్లించి వేసింది. ఎలా వేసినా అదే తంతు.

మొండి అన్నది ఆమె అసలు పేరేం కాదు. తండ్రి పోయాక ఆయన లాంచీకి తనే సరంగునవుతానని పట్టుబట్టిన రోజున అన్నయ్య పెట్టిన పేరది. అతను తిట్టుగా పెట్టాడు, ఆమె బిరుదుగా తీసుకుంది. అప్పట్నించీ ఈ ఒడ్డు జనాన్ని ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు జనాన్ని ఈ ఒడ్డుకీ చేరవేస్తూనే ఉంది. ఇప్పుడు పాత గాస్కెట్ ముక్కలై, ఇంజను నూనెలో నీళ్ళు కలుస్తున్నాయి. లాంచీ రేవులో తాడుకి వేలాడుతోంది. అందులో సగం వాటా ఉన్న అన్నయ్య, శనివారానికి నడిస్తే సరే, లేకపోతే తుక్కు వ్యాపారికి ఇచ్చేద్దామన్నాడు. ఉక్రోషంలో ఆమె సరేనంది. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆమెకి చేతకాదు. లాంచీ పోతే ఆమెకి వేరే పనీ లేదు, వేరే పని చెయ్యాలనీ లేదు.

మొదటి గాస్కెట్‌కి తనే సుత్తితో కన్నాలు పొడిచి బిగించింది. రేవు దాటకముందే నూనె పాలలా తెల్లబడింది. అందుకని ఈసారి పొడవకుండా, రెండోదాన్ని చంకలో పెట్టుకుని బోటు సామాన్ల షాపుకి వెళ్ళింది. అద్దాల వెనక కొత్త ఇంజన్లు పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయి. షాపాయన ఆమె చెప్పిన ఇంజను నంబరు కంప్యూటర్లో కొట్టి చూశాడు.

"గాస్కెట్ కరెక్టేనమ్మా. మీ ఇంజనే తప్పు."

"ఇంజను తప్పవడం ఏంటండీ? నేను రోజూ నడిపేది."

"ఆ నంబరుకి వచ్చేది ఇదొక్కటే. మీ ఇంజను బాగా అరిగిపోయి ఉంటుంది. పాతవాటితో ఎప్పుడూ ఇదే గోల. కొత్తది చూపించమంటారా?"

"అరిగితే కన్నం పెద్దదవుతుంది. లేచెళ్ళి పక్కన కూర్చోదు," అంది మొండి.

ఆయన నవ్వేశాడు. అదీ నిజమేనన్నాడు. నిజమేనంటూనే కొత్త ఇంజన్ల బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని గుమ్మం దగ్గర కుర్చీ మీదే వదిలేసి వచ్చింది.

దారి పొడుగునా ఒళ్ళు మండిపోయింది. ఇంజను తప్పట. మనిషి కొన్న చొక్కా పట్టకపోతే మనిషి తప్పా? కానీ రేవు మెట్లు దిగుతుండగా కోపం కాస్త సద్దుమణిగి, దాని వెనక ఇంకో ఆలోచన తలెత్తింది. ఒకవేళ ఆయన తెలియకుండానే నిజం చెప్పి ఉంటే?

ఇంజనుకి పక్కన ఇత్తడి రేకు ఒకటుంది. నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. తండ్రి ఏటా ఇంజనుకి తలనించి కాళ్ళదాకా ఆకుపచ్చ రంగు పూసేవాడు. రేకుని మాత్రం పిల్లలిద్దరి చేతా తోమించేవాడు. అందులో మొహం కనపడితేనే తిండి. ఆ నంబరు అన్నాచెల్లెళ్ళిద్దరికీ నిద్రలో లేపి అడిగినా వచ్చు. అలాంటి రేకుని ఆమె మొదటిసారి అనుమానంగా చూసింది. నాలుగు మూలలా కన్నాలున్నాయి. మరలు మాత్రం రెండే. ఒక్క మర వదులైతే అన్నం సహించని మనిషి ఆయన.

మరలు విప్పింది. రేకు కింద మరో చిన్న రేకు పీకేసిన ఆనవాలు, దాని తాలూకు నాలుగు పాత కన్నాలు కనిపించాయి.

మధ్యాహ్నం అమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి మొండి రేకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అమ్మ రేకుని చూసింది, కూతురిని చూసింది, క్యారేజీ కింద పెట్టింది.

"నువ్వప్పుడు చంటిపిల్లవి," అంది చివరికి. "పాత ఇంజను పగిలిపోయింది. ఎక్కడో పొలాల్లో నీళ్ళు తోడేదొకటి దొరికితే మీ నాన్న తెచ్చి బిగించారు. కొత్త నంబరు పర్మిట్టులో ఎక్కేదాకా లాంచీ ఆపాలని రూలు. ఆపితే మనం ఏం తింటాం? అందుకని పాత ఇంజను రేకు పీకి దీనికి కొట్టేశారు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరికీ చెప్పొద్దన్నారే. చెప్పకుండా చెప్పకుండా, నేనూ నిజమే అనుకోవడం మొదలెట్టాను."

మొండికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తండ్రి బతికుంటే నిలదీసేది. ఇన్నేళ్ళు అన్నాచెల్లెళ్ళు ఇంజనంతటిలో అబద్ధమున్న ఒక్క ముక్కనే తళతళా మెరిపించారు. ఆ దొంగ నంబరు నమ్మి ఆయన లాంచీనే తుక్కుకి పంపబోయారు. కోపం వస్తే వచ్చింది గానీ, ఆ కోపంతోనే ఉలి అందుకుంది.

ఆకుపచ్చ పొర కింద మరో ఆకుపచ్చ పొర. ఎన్ని ఏళ్ళు ఉన్నాయో అన్ని పొరలు. ఇంజను వెనకవైపు, మోచెయ్యి దూరని సందులో, ఇనుములోనే పోతపోసిన అంకెలు ఉబ్బెత్తుగా తగిలాయి. వాటిని రాసుకుంది. తర్వాత గాస్కెట్ కూర్చునే చోట తెల్ల కాగితం పరిచి, జిడ్డు వేలితో రుద్దింది. కన్నాలన్నీ ఎక్కడున్నవి అక్కడే నల్లగా కాగితం మీదికొచ్చాయి.

ఈసారి అద్దాల షాపు గుమ్మం ఎక్కలేదు. పొలం పంపుల సామాన్లమ్మే సందులోకి వెళ్ళింది. అక్కడ ఇరుకు కొట్టులో గోడ నిండా మేకులకి గాస్కెట్లే. కొట్టామె నంబరు చూసి, ఒక్కొక్కటే దించి కాగితం మీద పెట్టి చూసింది. ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చుంది.

"ఇది పొలం ఇంజను కదమ్మా. పడవలో ఏం చేస్తోంది?"

"మమ్మల్ని పోషిస్తోందండీ," అంది మొండి.

శనివారం పొద్దున అన్నయ్య తుక్కు వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. వ్యాపారి అడగకుండానే లాంచీ ఎక్కి, ముందు నించి వెనక్కి టేపు పరచడం మొదలెట్టాడు. అమ్మ అప్పటికే ముందు బల్ల మీద సంచీతో సహా స్థిరంగా కూర్చుంది. అన్నయ్య ఇంజను గదిలోకి తొంగిచూశాడు. రేకు ఉండాల్సిన చోట ఎర్ర రంగుతో రాసిన వేరే నంబరు ఉంది.

"రేకేదే?"

"నా దగ్గరుంది. దాని అసలు ఇంజను ఎప్పుడో పోయింది. దీని నంబరిది. అమ్మనడుగు."

అతను అమ్మ వైపు తిరిగాడు. అమ్మ తలూపింది.

"మరి పర్మిట్టు?"

"సోమవారం నేనే ఆఫీసుకి వెళ్ళి చెప్తాను. ఆపుకుంటే ఆపుకోమను. ఇవాళ మాత్రం శనివారం, నువ్వడిగింది ఇవాళ నడవాలనే."

ఆమె హ్యాండిల్ తిప్పింది. ఇంజను దగ్గింది, ఆగింది. వ్యాపారి టేపు మీది నించి తలెత్తలేదు. మళ్ళీ తిప్పింది. ఈసారి అందుకుంది. పక్క గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. కాసేపు తిరగనిచ్చి, ఆపి, నూనె కొలిచే పుల్ల తీసి అన్నయ్య ముక్కు కింద పెట్టింది. నూనె నల్లగా ఉంది. తెలుపు చుక్క కూడా లేదు.

మళ్ళీ స్టార్ట్ చేసి, మొండి వ్యాపారి వైపు తిరిగింది.

"దిగుతారా, టిక్కెట్టు తీసుకుంటారా?"

వ్యాపారి అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య ఆ ఎర్ర నంబరు వంకే చాలాసేపు చూశాడు. తర్వాత జేబులో చెయ్యి పెట్టాడు.

"రెండివ్వు," అన్నాడు.

ఆమె రెండూ చింపి ఇచ్చింది. సగం వాటాదారుడని ఊరికే ఎక్కించుకోలేదు.