తలకిందుల తెర

"ఆ తెరని కోసిన చెయ్యి ఎవరిది? ముందుకు రమ్మనండి! మా సందులో ఏ ఇంట్లో మనిషి పోయినా వచ్చి తోడు నిలబడ్డ తెర అది. చేపని కోసినట్టు కోసి గోడలకు తగిలిస్తారా?"

కినుయో అరుపుకు షాపులో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. డెబ్బై దాటిన మనిషి. నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పడం కూడా మరిచి వచ్చేసింది. వెనకాల రొప్పుకుంటూ సందుపెద్ద యొకోయి.

ఆమె భర్త సేకిచి తెల్లవారుజామున పోయాడు. సందు చివర టోఫు చేసి అమ్మేవాడు. ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టారు. ముఖం మీద తెల్లగుడ్డ కప్పారు. తలాపిన అన్నం గిన్నె పెట్టి, అన్నం తినే పుల్లలు అందులో నిలువుగా గుచ్చారు. అన్నీ అయ్యాయి. తెర ఒక్కటే రాలేదు.

జపాన్‌లోని కనజావా ఊళ్లో ఆ సందు సందంతటికీ అదొక్కటే మడత తెర. ఆరు రెక్కలు. వెండి రేకు మీద రెల్లుదుబ్బులు, వాటి పైన చంద్రుడు. ఎవరి ముత్తాత కొన్నాడో ఎవరికీ తెలియదు. ఎవరు పోయినా దాన్ని మోసుకొచ్చి శవం తలాపిన తలకిందులుగా నిలబెట్టాలి. బతికున్నవాళ్లకి అన్నీ తిన్నగా, పోయినవాళ్లకి అన్నీ తిరగేసి. అది అక్కడి రివాజు. మిగతా రోజుల్లో తెర గుడి కొట్టుగదిలో ఉంటుంది, తాళం యొకోయి దగ్గర. తాళంచెవి చేతిలో ఉంటే సొత్తంతా తనదే అనుకునే జాతి ఊరూరా ఉంటుంది. యొకోయి ఆ జాతివాడు. వసంతంలో ఎవరికీ చెప్పకుండా తెరని ఈ ఇంటి సామాన్ల షాపుకి అమ్మేశాడు, వాళ్లు దాన్ని రెక్కలు రెక్కలుగా కోసేశారు. ఈ పొద్దున కినుయో తాళం అడిగితేగాని ఆ సంగతి బయటపడలేదు.

"ఇప్పుడంతా అంత్యక్రియల హాల్లో కానిచ్చేస్తున్నారు కదా వదినా," అని నసిగాడు యొకోయి. "ఎలకలు కొట్టేస్తాయని... మన సందు సంఘం ఇంటి కప్పు కూడా కారుతోందని..."

"నీ బుర్ర కారుతోంది. దానికి వేయించుకో కప్పు."

షాపు యజమాని కురిహర ముందుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, బూడిదరంగు నారచొక్కా. "బామ్మగారూ, కాస్త మెల్లగా. కస్టమర్లున్నారు."

"ఉండనీ. వాళ్ల ఇళ్లల్లో చావులు లేవా?"

ఆమె మాట అక్కడ ఆగిపోయింది. షాపు మధ్యలో ఒక పడకగది కట్టిపెట్టారు. తక్కువ ఎత్తు మంచం, నలగని తెల్లదుప్పటి, పగిలిన మట్టిపాత్రలో ఒక ఎండుకొమ్మ. పైన పలక మీద "వాబి-సాబి పడకగది" అని రాసుంది; అరిగి పాతబడ్డవాటిలో కనిపించే అందానికి అక్కడ ఆ పేరు. మంచం తలాపిన తెరలోని రెండు రెక్కలు. తలకిందులుగా. రెల్లు పైనుంచి వేలాడుతోంది. చంద్రుడు దిండు దగ్గరికి దిగిపోయాడు.

"ఈ మంచం మీద ఎవరు పోయారు?" అని అడిగింది కినుయో.

కురిహర నవ్వాడు. "ఎవరూ పోలేదండీ. ఇది నమూనా గది. అలా తిప్పితే రెల్లు వాన కురుస్తున్నట్టు ఉందని మావాళ్లు..." నవ్వు సగంలోనే ఆరిపోయింది. వాడికీ ఒక అమ్మమ్మ ఉండేది. ఆవిడ తలాపిన ఏం పెట్టారో ఇప్పుడు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "కొత్తగా పెళ్లయిన జంట కొనుక్కున్నారు. రేపు పంపాలి," అన్నాడు.

"పెళ్లిపడకకి శవం తెరా! కట్నాల కవరుకి చావింటి నలుపు తెలుపు దారం కూడా చుట్టి పంపు, ముచ్చట తీరుతుంది."

కినుయో మంచం చుట్టూ తిరిగి తెర దగ్గరికెళ్లింది. అంచున అరచేయంత మేర వెండి నల్లబడి ఉంది. పక్కనే చిన్న అట్టముక్క: "కాలం వేసిన ఈ మచ్చను ఏ చేయీ వేయలేదు."

వేసిన చేయి ఆమెకు తెలుసు. ఆరేళ్ల కూతురు సయో జ్వరంతో పోయినప్పుడు సేకిచి ఈ అంచు పట్టుకుని కూర్చున్నాడు. పిల్లని పెట్టెలో పెట్టేదాకా వదల్లేదు. ఆ చెమటకే వెండి మాడింది. తరవాత ఎవరింటికి తెర మోసినా అతను పట్టుకునే చోటు అదే. "ఇక్కడ పట్టుకుంటే పిల్ల చెయ్యి పట్టుకున్నట్టుంటుందే," అనేవాడు. అంతలోనే వేళాకోళం: "నా వంతు వచ్చినప్పుడు సరిగ్గా తలకిందులుగా పెట్టండర్రా. మీరసలే మందబుద్ధులు. పొరపాటున తిన్నగా పెట్టారంటే లేచి కూర్చుంటా."

కినుయో ఆ నలుపు మీద తన చెయ్యి ఆనించింది. తిన్నగా పెడితేనో? ఒక్క క్షణం పిచ్చి ఆశ వచ్చిపోయింది. ముసలి కళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

"మిగతావి ఏవి?"

"రెండు రెక్కలు వెనక గోదాంలో ఉన్నాయి. రెండు టోక్యోలో ఒక హోటల్‌కి వెళ్లిపోయాయి. బామ్మగారూ, అచ్చం ఇలాంటిదే పాత తెర ఇంకొకటి ఇస్తాను. ఊరికే ఇస్తాను. ఇంతకన్నా మంచిది."

"ఇంతకన్నా మంచి మొగుణ్ణి కూడా ఇస్తావా?"

కురిహర తల దించుకున్నాడు. రెక్కల్ని కలిపి ఉంచిన కాగితం కీళ్లు తెగిపోయాయి. తెచ్చి నిలబెట్టినా మధ్యలో సందులుంటాయి, గాలి దూరుతుంది, సేకిచి తల మీద పడుతుంది. చలికాలంలో తెల్లారకముందే చన్నీళ్లలో చేతులు పెట్టిన మనిషికి ఆఖరిపూట కూడా చలేనా? వీళ్లు అందం అని పేరుపెట్టి అమ్ముకునే అరుగుదల ఇంకొకళ్ల ఏడుపు. ఎవరిదని ఒక్కడూ అడగలేదు.

కినుయో వెనక్కి తిరిగింది.

"సాయంత్రం ఆరింటికి పంతులుగారు వస్తారు. ఆలోపు ఇది మా ఇంట్లో ఉండాలి. కురిహరా, గోదాం తలుపు తియ్యి. ఆ పెళ్లివాళ్లకి ఫోన్ చేసి నిజం చెప్పు. హోటల్ వాళ్లకీ చెప్పు, నలభైతొమ్మిదో రోజు కర్మ లోపల ఆ రెండు రెక్కలూ తిరిగి రావాలి. వచ్చాక ఆరింటినీ అతికించే పని నీది. యొకోయీ, వ్యాన్ వద్దు. నువ్వు ఒక కొస పట్టుకో. పెద్దవీధిలోంచి, అందరూ చూస్తుండగా మొయ్యి. ఆ నల్లమచ్చ దగ్గర మాత్రం చెయ్యి పెట్టకు, అది నేను పట్టుకుంటాను. ఏం చూస్తున్నారు? దించండి!"